మానసిక గాయాలు మోస్తున్నవాళ్లతో సామాజిక పరిశోధన: తిరుపతి, చిత్తూరు ఊళ్లకు వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సోషల్ వర్క్, సోషియాలజీ, సైకాలజీ, ఉమెన్ స్టడీస్ చదివే విద్యార్థులు, జీతానికి సర్వేలు చేసే ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లు ఊళ్లకు బయల్దేరే ముందు మమ్మల్ని మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి చట్టంలో, నిబంధనల్లో జవాబు ఉంది. లేని చోట, ఎదుటి మనిషికి ఏది తక్కువ నొప్పి కలిగిస్తుందని మేం నమ్ముతున్నామో అది రాశాం.

ట్రామాకు, అంటే మానసిక గాయానికి గురైనవాళ్లంటే ఎవరు? మన జిల్లాల్లో వాళ్లు ఎక్కడుంటారు?

ఎక్కడో వెతకక్కర్లేదు. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాకు అంతరాయం వచ్చి, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది కోవిడ్ రోగులు చనిపోయారు. అదే ఏడాది నవంబర్‌లో కుండపోత వానలకు స్వర్ణముఖి పొంగింది, తిరుపతి వీధులు మునిగాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. 2017 ఏప్రిల్‌లో ఏర్పేడు పోలీస్ స్టేషన్ ముందు గుమిగూడినవాళ్ల మీదికి లారీ దూసుకెళ్లింది. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థానికి వెళ్తున్న బస్సు లోయలో పడింది. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం బైరాగిపట్టెడలో జరిగిన తొక్కిసలాటలో 6 మంది పోయారు. ఇవన్నీ పేపర్లో వచ్చినవి.

పేపర్లో రానివి ఇంకా ఎక్కువ. కుప్పం, పలమనేరు వైపు ఏనుగు తొక్కి మనిషి పోయిన ఇల్లు. అప్పుల బాధతో రైతు పురుగుల మందు తాగిన ఇల్లు. గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లి దెబ్బలు తిని తిరిగొచ్చిన ఆడవాళ్లు. అడ్వాన్సు తీసుకున్న పాపానికి ఏళ్ల తరబడి వెట్టి చేసిన యానాది కుటుంబాలు. తలుపులేసిన ఇంట్లో రోజూ దెబ్బలు తినేవాళ్లు.

అలాగని వీళ్లందరినీ రోగుల్లాగా చూడకూడదు. పెద్ద దుర్ఘటనను దాటొచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇంటివాళ్ల తోడుతో, పనిపాటలతో కొంతకాలానికి తేరుకుంటారు. కొందరికి మాత్రం అది నిద్రలో, ఒంట్లో ఉండిపోతుంది. తలనొప్పి, గుండె దడ, కడుపులో మంట అని చెప్తారే తప్ప ఆ దుర్ఘటన పేరెత్తరు. ఇంకో విషయం. మీ సర్వే తాగునీటి మీదో, రేషన్ మీదో అయినా మీరు తలుపు తట్టే ఇళ్లలో ఇలాంటివాళ్లు ఉంటారు. కాబట్టి కింద చెప్పినవాటిలో చాలా జాగ్రత్తలు అన్ని సర్వేలకూ కావాల్సినవే.

నా అంశం ఆ దుర్ఘటనే. ఆ రోజు ఏం జరిగిందో అడగకుండా ఎలా?

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. మా జవాబు: చాలా పరిశోధనలకు ఆ రోజు కథ అవసరమే లేదు.

మీ పరిశోధన ప్రశ్నను ఒక కాగితం మీద రాసుకోండి. "వరదల తర్వాత కుటుంబాలు జీవనోపాధిని ఎలా నిలబెట్టుకున్నాయి?" అని అనుకుందాం. దీనికి కావాల్సింది ఏమిటి? ఆవులు పోయాయా, అప్పు ఎవరిచ్చారు, ఎంత వడ్డీకి, పరిహారం ఎన్ని నెలలకు వచ్చింది, బడి మానేసిన పిల్ల మళ్లీ వెళ్లిందా, వానొస్తే ఇప్పటికీ నిద్ర పడుతోందా. నీళ్లు ఇంట్లోకి ఎలా వచ్చాయి, ముసలాయన్ని ఎలా మోసుకెళ్లారు అన్నది ఇందులో లేదు. కానీ ప్రశ్నావళి మొదటి ప్రశ్న ఎప్పుడూ "ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి" అనే ఉంటుంది. అది టీవీ వాళ్ల నుంచి మనకు అంటుకున్న అలవాటు.

ఆ కుటుంబం వైపు నుంచి చూడండి. పోలీసులకు ఒకసారి చెప్పారు. ఆసుపత్రిలో చెప్పారు. రెవెన్యూ వాళ్లకు, పరిహారం కోసం ఇంకో ఆఫీసులో, విలేకర్లకు, పరామర్శకు వచ్చిన ప్రతి నాయకుడికీ చెప్పారు. పదిమందికి చెప్పీ చెప్పీ అరిగిపోయిన మాటల్నే మీకూ చెప్తారు, లేదా చెప్తూ చెప్తూ కూలిపోతారు. ఈ రెండిట్లో ఏదీ మీ పరిశోధనకు ఉపయోగపడదు.

ఆ రోజు వివరాలు తప్పనిసరైతే ముందు కాగితాల్లో వెతకండి. ఎఫ్‌ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు, విచారణ నివేదిక, అసెంబ్లీ చర్చ, పాత పేపర్లు ఉన్నాయి. అందులో దొరికే తేదీ, చోటు, సంఖ్య కోసం ఒక తల్లి నోరు విప్పించకండి. కాగితాల్లో లేనిది, ఆమె మాత్రమే చెప్పగలిగింది మిగిలితే అప్పుడు అడగండి. అది కూడా ఇలా: "ఆ రోజు సంగతి నేను పేపర్లో చదివాను, మీరు మళ్లీ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఇంట్లో ఏమేం మారాయో తెలుసుకుందామని వచ్చాను." ఈ మాట విన్నాక కొందరు తమంతట తామే ఆ రోజు గురించి మొదలుపెడతారు. అప్పుడు వినండి, ఎంత సేపైనా. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో వాళ్లే నిర్ణయించుకున్నారు. దుర్ఘటన జరిగినప్పుడు వాళ్ల చేతుల్లో ఏమీ లేదు. ఈ మాటల మీద పగ్గమైనా వాళ్ల చేతిలో ఉండాలి.

అసలు వెళ్లకుండా ఉండటమే మేలేమో? అడిగితే గాయం మళ్లీ రేగదా?

ఈ భయం మంచిదే, కానీ దానికే లొంగిపోతే నష్టం ఉంది. పరిశోధనలో పాల్గొన్న బాధితులనే తర్వాత అడిగి చూసిన అధ్యయనాలు చాలా దేశాల్లో వచ్చాయి. బాధ కలిగిందన్నవాళ్లలో కూడా చాలామంది పాల్గొన్నందుకు చింతించలేదని చెప్పారు. ఒకరు కుదురుగా విన్నందుకు తేలికపడ్డామన్నవాళ్లూ ఉన్నారు. కొద్దిమందికి మాత్రం ఇబ్బంది ఎక్కువైంది. మన జాగ్రత్తలన్నీ ఆ కొద్దిమంది కోసమే, ఎందుకంటే తలుపు తీసిన మనిషి ఏ కోవలోకి వస్తారో ముందుగా మనకు తెలియదు.

అడగకుండా వదిలేస్తే ఇంకో సమస్య. పరిహారం ఎవరికి అందలేదు, కౌన్సెలింగ్ ఎవరికీ ఎందుకు దొరకలేదు అన్నది ఎక్కడా నమోదు కాదు. వితంతువు పేరు మీద రావాల్సిన డబ్బు మరిది ఖాతాలోకి ఎలా వెళ్లిందో ఎవరూ రాయరు. బలహీనులని పక్కన పెట్టేస్తే వాళ్ల మాట లేకుండానే వాళ్ల గురించి పథకాలు తయారవుతాయి.

ఘటన జరిగిన ఎంతకాలానికి వెళ్లాలి?

ఇన్ని నెలలని రూలు లేదు. కర్మకాండలు ముగియకముందు మాత్రం వెళ్లకండి. తక్షణ సాయం కోసం చేసే అంచనా వేరు. నీళ్లున్నాయా, మందులున్నాయా అని ఆ వారంలోనే అడగాలి. థీసిస్ ఆగగలదు.

తేదీలు చూసుకోండి. సంవత్సరీకం దగ్గరపడేకొద్దీ నిద్ర పట్టనివాళ్లు చాలామంది. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది, పండుగ తిథిని బట్టి వస్తుంది. 2025లో వైకుంఠ ఏకాదశి జనవరి 10న వచ్చింది, మళ్లీ అదే ఏడాది డిసెంబర్ 30న వచ్చింది. అంటే తొక్కిసలాటలో మనిషిని పోగొట్టుకున్న ఇంటికి ఏడాది తిరక్కముందే టీవీలో ఆ క్యూలు మళ్లీ కనిపించాయి. వరద బాధితులకు ఈశాన్య రుతుపవనాల కాలమంతా, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, అలాంటిదే. మీ డిపార్ట్‌మెంట్ గడువు డిసెంబర్ అయితే గడువు మార్పించుకోవడానికి ప్రయత్నించండి. గైడ్లకు కూడా ఇదే మా విన్నపం.

ఎథిక్స్ కమిటీ అనుమతి సోషల్ సైన్స్ వాళ్లకు కూడా కావాలా?

కావాలి. భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన జాతీయ నైతిక మార్గదర్శకాల్లో ఆరోగ్యానికి సంబంధించిన సామాజిక, ప్రవర్తనా శాస్త్రాల పరిశోధనకు విడిగా ఒక విభాగం ఉంది. దరఖాస్తులో "రిస్క్ లేదు" అని ఒక్క ముక్క రాసి పంపకండి. ఎవరైనా కుప్పకూలితే ఎవరిని పిలుస్తారో, ఎంత దూరంలో ఉంటారో రాయండి.

గ్రామ సచివాలయం ద్వారానో, డ్వాక్రా సంఘం లీడర్ ద్వారానో వెళ్తే తేలిక కదా?

తేలికే, అందులోనే ప్రమాదం. అంగన్‌వాడీ టీచర్, ఆశా కార్యకర్త, సంఘం లీడర్ వెంటబెట్టుకొచ్చిన మనిషికి "కుదరదు" అని చెప్పే ధైర్యం ఎంతమందికుంటుంది? రేపు లోనుకో, పింఛనుకో మళ్లీ వాళ్ల దగ్గరికే పోవాలి. పైగా ఎవరింటికి తీసుకెళ్లాలో ఎంచేది వాళ్లే. ఊరికి అనుకూలంగా మాట్లాడేవాళ్లు దొరుకుతారు, నోరు తెరిస్తే ఇబ్బందయ్యేవాళ్లు తప్పిపోతారు.

ఊళ్లో అడుగుపెట్టడానికి వాళ్ల సాయం తీసుకోండి. వచ్చామని చెప్పండి, పత్రం చూపించండి. పాల్గొంటారా లేదా అన్న మాట మాత్రం వాళ్లు లేనప్పుడు అడగండి. ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు కాదన్నారో తర్వాత కూడా వాళ్లకు చెప్పకండి. "ఆ చివరింటామె మాట్లాడిందా?" అని తప్పకుండా అడుగుతారు. నవ్వి ఊరుకోండి.

కాగితం మీద సంతకం అనగానే వెనక్కి తగ్గుతున్నారు. ఏం చేయాలి?

వాళ్ల భయానికి కారణముంది. మన పల్లెల్లో తెలియని కాగితం మీద సంతకం అంటే అప్పు, జామీను, లేదా భూమి. మైక్రోఫైనాన్స్ వసూళ్ల మీద 2010లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చేదాకా పోయిన రోజులు ఆడవాళ్లకు ఇంకా గుర్తున్నాయి. వేలిముద్ర అయితే ఇంకా భయం.

చదవడం రానివాళ్లకు నిష్పాక్షికమైన సాక్షి సమక్షంలో చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవచ్చని ఐసీఎంఆర్ చెప్తుంది. రికార్డింగ్‌కు విడిగా అంగీకారం అడగాలి. సంతకమే ప్రమాదమయ్యే చోట, అంటే ఆ కాగితం భర్త కంట్లో పడితే ఆమెకు దెబ్బలు తప్పవన్న చోట, నోటిమాటతో అంగీకారం తీసుకునేలా ఎథిక్స్ కమిటీ దగ్గర ముందే అనుమతి అడగండి. సమాచార పత్రాన్ని ఇంట్లో వదిలి రావడం కూడా అలాంటి చోట మంచిది కాదు.

అంగీకారం ఒకసారి అడిగి వదిలేసే విషయం కాదు. మధ్యలో అడగండి: "ఇప్పుడు కొంచెం కష్టమైన సంగతి అడగబోతున్నాను. అడగనా, దాటేద్దామా?" చివర్లో అడగండి: "ఇందులో ఏదైనా వాడొద్దనిపిస్తే ఇప్పుడే చెప్పండి." తర్వాత మనసు మారితే ఏ తేదీలోపు ఫోన్ చేయాలో స్పష్టంగా చెప్పండి. థీసిస్ అచ్చయ్యాక తీయలేమన్నది కూడా ముందే చెప్పాలి.

"మీకు చెప్తే మాకేం వస్తుంది?" అంటే ఏం చెప్పాలి?

నిజం చెప్పండి. "నా చదువు కోసం వచ్చానమ్మా. ఇల్లు గానీ, పింఛను గానీ, ఎక్స్‌గ్రేషియా గానీ నా చేతిలో లేవు. మీరు చెప్పకపోయినా మీకు వచ్చేది ఏదీ ఆగదు." ఈ మాట మొదట్లోనే, మెల్లగా, రెండుసార్లు చెప్పాలి. ఫైలు, ఐడీ కార్డు, తెల్ల చొక్కా చూడగానే మిమ్మల్ని ప్రభుత్వం మనిషనే అనుకుంటారు. ఆశ పెట్టుకుని అన్నీ చెప్పేసిన మనిషికి ఆరు నెలల తర్వాత ఏమీ రాకపోతే, మోసపోయామన్న బాధ కొత్తగా తోడవుతుంది.

కూలి పోగొట్టుకుని మీతో కూర్చుంటే ఆ కూలి ఇవ్వడం న్యాయం. అంతకు మించి ఇస్తే ఆ డబ్బు కోసమే నోరు విప్పాల్సి వస్తుంది. మధ్యలో ఆపేసినా పూర్తిగా ఇస్తామని ముందే చెప్పండి. వాళ్లిచ్చే టీ తాగండి. వద్దనడం చాలా ఇళ్లలో చిన్నచూపు కిందికే వస్తుంది.

ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. ఏకాంతం ఎలా?

గృహహింస మీద పనిచేసేవాళ్లకు ఇది ప్రాణాలతో ముడిపడిన సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఇచ్చిన సూచనలు ఇప్పటికీ మనకు పనికొస్తాయి. ఒక ఇంట్లో ఒక్క మహిళనే అడగాలి. సర్వేకు హింస అన్న పేరు పెట్టకుండా ఆడవాళ్ల ఆరోగ్యం లాంటి పేరుతో ఊళ్లో పరిచయం చేసుకోవాలి. అసలు సంగతి ఆమెకు మాత్రం అంగీకారం తీసుకునేటప్పుడు చెప్పాలి. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా గృహహింస ప్రశ్నలను ఇంటికి ఒకరినే అడుగుతుంది, ఏకాంతం దొరక్కపోతే ఆ ప్రశ్నల జోలికి పోదు.

మాట్లాడుతుండగా అత్తగారు వచ్చి కూర్చుంటే? ముందే ఒక మామూలు ప్రశ్నల కాగితం సిద్ధంగా పెట్టుకోండి. పిల్లల టీకాలు, తాగునీళ్లు, ఆసుపత్రి దూరం లాంటివి. ఎవరైనా వస్తే ఆ కాగితంలోకి మారతామని ఆమెకు మొదట్లోనే చెప్పి ఉంచాలి. అరుగు మీద కూర్చుంటే పక్కింటివాళ్లకు వినిపిస్తుంది. ఇంట్లో కూర్చుంటే తలుపెందుకేశారని అడుగుతారు. పొలం గట్టు, అంగన్‌వాడీ మూసిన తర్వాత దాని వరండా, ఆసుపత్రికొచ్చిన రోజు అక్కడి బెంచీ, ఇలా ఆమెకు ఏది సహజంగా ఉంటుందో ఆమెనే అడగండి. విజిటింగ్ కార్డు ఇవ్వకండి. ఆమె ఫోన్ నుంచి మీకు మిస్డ్ కాల్ ఇప్పించుకోకండి. కాల్ లిస్టు చూసేవాళ్లు ఇంట్లో ఉండొచ్చు.

ఎలా పలకరించాలి? ఏ మాటలు వాడకూడదు?

అవ్వా, తాతా, అక్కా, అన్నా, వదినా అని వయసును బట్టి పిలవండి. "బాధితురాలు" అని మొహం మీద అనకండి. పోయిన మనిషిని ఇంటివాళ్లు ఎలా పిలుస్తున్నారో విని అదే వాడండి. "మా ఆయన" అంటున్నారా, "మా పెద్దోడు" అంటున్నారా చూసుకోండి. "మృతుడు" అన్న మాట రిపోర్టుకు ఉంచుకోండి.

"ఎందుకు" అన్న ప్రశ్నతో చాలా జాగ్రత్త. "మీరప్పుడే ఎందుకు బయటికి రాలేదు?", "పోలీసులకు ఎందుకు చెప్పలేదు?" అంటే తప్పు నీదే అన్నట్టు వినబడుతుంది. వాళ్లు అప్పటికే ఆ ప్రశ్నను రాత్రుళ్లు తమను తాము అడుగుతూ ఉంటారు. "ఆ సమయంలో ఏమేం అడ్డొచ్చాయి?" అని అడిగితే మీకు కావాల్సిన సమాచారం అంతా వస్తుంది.

ఓదార్పు మాటలు కూడా ఆపుకోవాలి. తిరుపతిలో ఇది మరీ ముఖ్యం. "స్వామి సన్నిధిలో పోయారు, పుణ్యం చేసుకున్నారు" అనే మాట చాలామంది నోట సహజంగా వచ్చేస్తుంది. ఆ మాట వాళ్లంతట వాళ్లు అంటే తలూపండి. మీరు మాత్రం అనొద్దు. కొందరు దేవుడి మీద కోపంతో ఉంటారు, గుడికి వెళ్లడం మానేసి ఉంటారు, ఆ సంగతి ఈ ఊళ్లో పైకి చెప్పుకోలేక నలుగుతుంటారు. మీ మాట విన్నాక మీకూ చెప్పరు. "మీ బాధ నాకు అర్థమైంది" కూడా వద్దు. "చెప్పినందుకు థ్యాంక్స్ అక్కా, కంగారేం లేదు, నిదానంగా చెప్పండి" చాలు.

మాట్లాడుతూ ఏడిస్తే ఏం చేయాలి?

ఏడుపు రాగానే కంగారుపడి ఇంటర్వ్యూ ముగించేయకండి. పోయినవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఏడుపు రావడం సహజం, వెంటనే ముగిస్తే తామేదో తప్పు చేశామనుకుంటారు. రికార్డర్ ఆపండి, ఆపినట్టు చూపించండి. నీళ్లు దగ్గర పెట్టండి. మౌనంగా కూర్చోండి. భుజం మీద చెయ్యి వేయడం లాంటివి ముందే పరిచయముంటే తప్ప వద్దు. హింసకు గురైనవాళ్లకు ఊహించని తాకిడే భయం పుట్టించవచ్చు. కాస్త తేరుకున్నాక అడగండి: "ఆపేద్దామా? కాసేపు ఊరికే కూర్చుందామా? వేరే విషయం మాట్లాడుకుందామా?" ఏది చెప్తే అది చేయండి.

గమనించాల్సిన వేరే లక్షణాలున్నాయి. చూపు ఎక్కడో నిలిచిపోవడం, పిలిస్తే పలకకపోవడం, ఊపిరి వేగం పెరగడం, చేతులు వణకడం, ఆ క్షణంలోనే ఉన్నట్టు మాట్లాడటం. అప్పుడు ప్రశ్నలన్నీ వదిలేయండి. పేరు పెట్టి పిలవండి, ఇప్పుడు ఎక్కడున్నామో చెప్పండి, పాదాలు నేలకు ఆనించమనండి, చుట్టూ కనిపిస్తున్న వస్తువుల పేర్లు చెప్పమనండి. ఆ రోజుకు ఇంటర్వ్యూ అక్కడితో ఆగిపోవాలి. ఆమెకు నమ్మకమైన మనిషి ఎవరో అడిగి, వాళ్లొచ్చేదాకా ఉండండి.

అంతా సాఫీగా సాగినా, అత్యంత కష్టమైన ప్రశ్న దగ్గర పుస్తకం మూసి లేవకండి. చివరి పావుగంట ఇప్పటి సంగతులకు ఉంచుకోండి. పిల్లాడి చదువు, టమాటా రేటు, సాయంత్రం వంట, ఏదైనా సరే.

చనిపోవాలనుంది అని ఎవరైనా అంటే?

అప్పుడు మీరు పరిశోధకులు కాదు, దగ్గరున్న మనిషి. సూటిగా, నెమ్మదిగా అడగండి: "చనిపోవాలనిపిస్తోందా? ఎలా అని ఏమైనా అనుకున్నారా?" అలా అడిగితే ఆలోచన కొత్తగా పుట్టదు. ఒంటరిగా వదిలి రాకండి. పురుగుల మందు ఇంట్లో ఉంటే అది బయటికి పోయేలా ఇంటి మనిషితో మాట్లాడండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అక్కడే కూర్చుని కలిపి ఇవ్వండి. ప్రాణాపాయం కనిపిస్తే 108 లేదా 112. రుయాలో మానసిక వైద్య విభాగం ఉంది.

ఇలాంటప్పుడు రహస్యం కొంత సడలుతుందని అంగీకారం తీసుకునేటప్పుడే చెప్పి ఉండాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్తోంది. "కేసవుతుంది" అని భయపడి ఆసుపత్రికి తీసుకెళ్లని ఇంటివాళ్లకు ఈ విషయం చెప్పండి.

మిగతా నంబర్లు కూడా చిన్న చీటీలో రాసుకోండి: మహిళలకు 181, పిల్లలకు 1098, ఉచిత న్యాయ సహాయానికి 15100. వెళ్లేముందు ఒకసారి ఫోన్ చేసి చూడండి, ఎవరు ఎత్తుతున్నారో తెలుసుకోండి.

పిల్లలతో మాట్లాడొచ్చా?

పెద్దల ద్వారా తెలుసుకోగలిగితే పిల్లల్ని అడగకండి. తప్పనిసరైతే తల్లిదండ్రుల అంగీకారంతో పాటు పిల్లల సమ్మతి కూడా కావాలి. ఐసీఎంఆర్ ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల వాళ్లకు నోటిమాట, ఆపైన 18 లోపు వాళ్లకు రాతపూర్వకం. అమ్మ ఒప్పుకున్నా పిల్ల తల అడ్డంగా ఊపితే అక్కడితో ఆపాలి.

లైంగిక దాడి సంగతి బయటపడితే 2012 పోక్సో చట్టం వర్తిస్తుంది. 18 ఏళ్ల లోపు పిల్లల మీద నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న అనుమానమున్నా పోలీసులకు చెప్పడం ఎవరికైనా తప్పనిసరి. చెప్పకపోతే శిక్ష ఉంది, పరిశోధకులకు మినహాయింపు లేదు. కాబట్టి "ఎవరికీ చెప్పను" అని పిల్లలకు మాటివ్వకండి.

పెద్దవాళ్లకైనా "ఎవరికీ చెప్పను" అని మాటివ్వొచ్చా?

ఇవ్వకూడదు. లాయరుకు, క్లయింటుకు మధ్య మాటలకు ఉన్నలాంటి రక్షణ మన దేశంలో పరిశోధకులకు లేదు. కోర్టు అడిగితే మీ నోట్స్ ఇవ్వాల్సి రావొచ్చు. ఏర్పేడు, రుయా, శేషాచలం ఎన్‌కౌంటర్ లాంటి ఘటనల్లో కేసులూ విచారణలూ ఉంటాయి కాబట్టి ఇది ఊహ కాదు. "మీ పేరు నేను ఎక్కడా రాయను, మీ మాటలు వేరేవాళ్లకు వినిపించను. కానీ చట్టం అడిగితే నాకు అడ్డుకునే వీలుండదు" అని చెప్పండి. అలాంటి కేసుకు పనికొచ్చే పేర్లు, వాహనం నంబర్లు, అధికారుల వివరాలు మీ పరిశోధనకు అక్కర్లేకపోతే రాసుకోకండి.

గృహహింస విషయంలో, తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలని 2005 చట్టం చెప్పదు. ఆమెకు తెలియకుండా మీరు పోలీసుల దగ్గరికి పోతే ఆ రాత్రి ఇంట్లో దెబ్బలు తినేది ఆమే. దారులు చెప్పండి, ఆమె ఎంచుకుంటుంది.

ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా చెప్తున్నారు. అబద్ధమా?

తొందరపడి అలా అనుకోకండి. తీవ్రమైన భయంలో జ్ఞాపకం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒక వాసనో, ఒక కేకో స్పష్టంగా ఉంటుంది, ఏది ముందు ఏది వెనుక అన్నది చెదిరిపోతుంది. "నిన్న ఇలా అన్నారు కదా" అని నిలదీయడం పోలీసు పద్ధతి. మీకు వరుస ముఖ్యమైతే పండుగలు, కోతలు, బడి సెలవుల ఆధారంగా అడగండి. తేడా అలాగే ఉంటే తేడా ఉందనే రాయండి.

సరిహద్దు ఊళ్లలో తమిళం, కన్నడం మాట్లాడతారు. అనువాదం చేసేవాళ్లను ఎలా ఎంచుకోవాలి?

కుప్పం, నగరి, సత్యవేడు వైపు ఇది రోజూ ఎదురయ్యేదే. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో ఎన్‌కౌంటర్‌లో పోయిన 20 మంది కూలీలు తమిళనాడు వాళ్లు. అలాంటి కుటుంబాల మీద పనిచేయాలంటే సరిహద్దు దాటి వెళ్లాలి, తమిళం తెలిసిన మనిషి వెంట ఉండాలి. ఆ మనిషి అదే ఊరివాళ్లైతే రహస్యం నిలవదు, కులం, పార్టీ కూడా అడ్డొస్తాయి. పక్క మండలం నుంచి తెచ్చుకోండి. ఇంటి పిల్లల చేత తల్లి బాధను అనువదింపజేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

రికార్డింగులు ఎక్కడ దాచాలి?

ఫోన్‌లో రికార్డు చేస్తే ఫైళ్లు తమంతట తామే క్లౌడ్‌లోకి వెళ్లకుండా సెట్టింగు ఆపండి. వాట్సాప్‌లో గైడ్‌కు, స్నేహితులకు పంపకండి. మాటను అక్షరాల్లోకి మార్చే ఉచిత యాప్‌లలో వేయకండి. ఆ గొంతు ఎక్కడికి పోతుందో మీరు చెప్పలేరు. పేర్లకు బదులు కోడ్ వాడి, కోడ్ జాబితాను వేరే చోట పెట్టండి. రాసుకోవడం పూర్తయ్యాక ఆడియో ఎప్పుడు చెరిపేస్తారో ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి.

పేరు మారిస్తే సరిపోదా?

మన ఊళ్లలో సరిపోదు. "రామచంద్రాపురం మండలంలో ఇద్దరు కొడుకులను పోగొట్టుకున్న 52 ఏళ్ల పాలవ్యాపారి" అని రాస్తే పేరెందుకు? బస్టాండులో అడిగితే ఇల్లు చూపిస్తారు. ఆరుగురు పోయిన ఘటనలో ఒకరి భార్య అంటే ఎవరో తెలుసుకోవడం ఎంతసేపు? విశ్లేషణకు అక్కర్లేని వివరాలు తీసేయండి, వయసును దశకంగా రాయండి, వృత్తిని దగ్గరి వృత్తితో మార్చండి, ఒకరి మాటలను రెండు మూడు చోట్ల విడగొట్టండి. అలా మార్చామని పద్ధతుల అధ్యాయంలో చెప్పండి. లైంగిక హింసకు గురైనవాళ్లను గుర్తుపట్టేలా ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం.

ఫొటోలు వద్దు. వెనక నుంచి తీసినా చీర, ఇల్లు, గోడ చూసి గుర్తుపడతారు.

వినేవాళ్లం మేం కూడా నిద్రపోలేకపోతున్నాం. ఇది మామూలేనా?

అవును, దాని గురించి మాట్లాడటానికి సిగ్గుపడకండి. ఫీల్డ్‌కి వెళ్లినవాళ్లకే కాదు, గదిలో కూర్చుని ఆ రికార్డింగులు టైప్ చేసేవాళ్లకు ఇంకా ఎక్కువ. ఒకే ఏడుపును పదిసార్లు వెనక్కి తిప్పి వింటారు, పక్కన ఎవరూ ఉండరు. డేటా ఎంట్రీకి పెట్టుకున్న ఆ అమ్మాయి గురించి చాలా ప్రాజెక్టుల్లో ఎవరూ ఆలోచించరు. ఇది మాకు చాలా బాధ కలిగించే విషయం.

రోజుకు కష్టమైన ఇంటర్వ్యూలు రెండుకు మించి పెట్టుకోకండి. ఇద్దరేసి వెళ్లండి. సాయంత్రం గైడ్‌తోనో, టీం లీడర్‌తోనో మాట్లాడండి, పేర్లు లేకుండా. మీ ఇంట్లోనే అలాంటి నష్టం జరిగి ఉంటే ఆ అంశం నుంచి తప్పుకునే హక్కు మీకుంది, మార్కులు తగ్గకూడదు. 14416 మీకు కూడా పనికొస్తుంది. గైడ్లు బడ్జెట్ వేసేటప్పుడు ప్రయాణ ఖర్చుల పక్కనే కౌన్సెలింగ్‌కు, సెలవు రోజులకు డబ్బు చూపించాలి.

పని అయ్యాక వాళ్లకు మళ్లీ కనిపించాలా?

కనిపించాలి. ఎప్పుడు వస్తామో చెప్పి ఆ సమయానికి వెళ్లండి. థీసిస్ కాపీ వాళ్లకు ఉపయోగపడదు. తెలుగులో రెండు పేజీలు, పెద్ద అక్షరాల్లో, ఏం తెలిసింది, ఏ ఆఫీసుకు పంపామన్నది రాసి తీసుకెళ్లండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి. గృహహింస మీద పని అయితే ఇంటింటికీ వెళ్లకుండా, మండల స్థాయిలో ఆడవాళ్లందరినీ పిలిచే సమావేశంలో చెప్పండి, ఎవరు మాట్లాడారో ఎవరికీ తెలియకుండా.

అందులో తమ మాటను ఎవరైనా గుర్తుపట్టి "ఇది తీసేయమ్మా" అంటే, మీరిచ్చిన గడువు దాటినా, తీయగలిగిన ప్రతి చోటా తీసేయండి. ఇంకా అచ్చుకు పంపని వ్యాసంలో, ఆన్‌లైన్ కాపీలో, క్లాసులో చూపించే స్లైడ్లలో కూడా.